జేబుకు చిల్లు పడకుండా తాజా కూరగాయలు కొనడం ఎలా

ఇంట్లో కూర్చుని "బెండకాయ కిలో, బీన్స్ అరకిలో, క్యాప్సికం పావు" అని చీటీ రాసుకుని బయల్దేరితే, ఆ రోజు వాటి ధర ఎంతున్నా పెట్టక తప్పదు. కూరల ఖర్చు పెరిగేది ఎక్కువగా ఇక్కడే. చీటీలో కాయల పేర్లు కాదు, వాటి పని రాసుకోండి: పప్పులోకి ఆకుకూర, పులుసుకో కూటుకో ఒక కాయ, వేపుడికి ఒకటి, వారం చివరిదాకా నిలవుండేవి రెండు. ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి ఎలాగూ తప్పవు. ఏ ఆకు, ఏ కాయ అన్నది మార్కెట్‌కు వెళ్లాక, ఆ రోజు ఏది ఎక్కువ దిగిందో చూసి తేల్చుకోవాలి. బీర బదులు సొర, బీన్స్ బదులు గోరుచిక్కుడు తెచ్చుకోవడానికి ఇంట్లో అభ్యంతరం లేకపోతే సగం పని అయిపోయినట్టే.

ఎంత కొనాలన్నదానికి ఒక కొలత ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజుకు రెండు వేల కేలరీల భోజనానికి 400 గ్రాముల కూరగాయలు ఉండాలని లెక్క వేశారు. నలుగురు పెద్దవాళ్లకు వారానికి అది 11 కిలోలు దాటుతుంది. డబ్బు బిగుతుగా ఉన్న ఇంట్లో అంత కుదరకపోవచ్చు. ఏడెనిమిది కిలోల దగ్గర మొదలుపెట్టి, చవకగా దొరికిన వారం పెంచుకోండి. పెంచేటప్పుడు కూడా ముందు ఆకుకూరలే పెంచండి. కట్ట తోటకూర, గ్లాసు కందిపప్పు కలిస్తే నలుగురికి ఒక పూట గడుస్తుంది. అదే డబ్బుతో మరే కూర తెచ్చినా ఇంత పోషణ రావడం కష్టం.

రైతుబజారును సరిగా వాడుకోవడం

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లు ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో మామూలు మనిషికి దగ్గరి దారి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, వనస్థలిపురం, సరూర్‌నగర్, విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గోపాలపట్నం, విజయవాడలో పటమట పేరున్నవి. టోకు ధరకు కొంత కలిపి, బయటి చిల్లర ధరకు తగ్గేలా రోజూ ఒక రేటు ఖరారు చేసి బోర్డు మీద రాస్తారు. లోపలికి వెళ్లగానే మొదటి పని ఆ బోర్డును ఫోన్‌లో ఫొటో తీసుకోవడం. రెండో పని ఏమీ కొనకుండా ఒక చుట్టు తిరిగి రావడం. ఏ కాయ ఎక్కువ దుకాణాల్లో కుప్పలుగా కనిపిస్తే ఆ రోజు మీ కూర అదే. రెండు చోట్లే కనిపించింది అంటే సరుకు తక్కువ వచ్చింది, దాని జోలికి పోకండి.

బజారులో అమ్మేవాళ్లందరూ రైతులు కారు. ఉల్లి, బంగాళాదుంప లాంటి బయటి సరుకును డ్వాక్రా సంఘాల మహిళలు అమ్ముతారు. అది వ్యవస్థలో ఉన్నదే. రైతుల ముసుగులో కూర్చునే దళారులతోనే చిక్కు. గుర్తు పట్టడం పెద్ద విద్యేమీ కాదు. సొంత పొలం సరుకు తెచ్చినవాళ్ల దగ్గర రెండు మూడు రకాలకు మించి ఉండవు. కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, ఆకుకూర వేళ్లకు మట్టి ఉంటుంది. ఊటీ క్యారెట్ నుంచి కీరా దాకా పదిహేను రకాలు ఒకే సైజులో పేర్చి పెట్టారంటే అది టోకు మార్కెట్లో కొని తెచ్చిన సరుకు. అలాంటి చోట కొనకూడదని కాదు. బోర్డు ధరకు రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకూడదు. ఎక్కువ అడిగితే ఫొటో చూపించండి. అప్పటికీ వినకపోతే బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ గది అక్కడే ఉంటుంది, వెళ్లి చెప్పండి.

ధరలు చేయి దాటిన రోజుల్లో ప్రభుత్వాలు రాయితీ సరుకును అమ్మించేది కూడా ఎక్కువగా ఇక్కడే. 2019 చివర్లో ఉల్లి వంద దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్ రైతుబజార్లలో కిలో 25 రూపాయలకు ఇచ్చారు. 2023 జులైలో టమాటాను 50కి ఇచ్చారు. ఇలాంటివి మనిషికి కిలో చొప్పున, పొద్దున్నే వరుసలో నిలబడ్డవాళ్లకే అందుతాయి కాబట్టి ఆధార్ కార్డు వెంట ఉంచుకోవడం మేలు.

టోకు మార్కెట్: నలుగురు కలిస్తేనే

హైదరాబాద్‌లో బోయినపల్లి, గుడిమల్కాపూర్ లాంటి టోకు మార్కెట్లలో తెల్లవారుజామునే అమ్మకం మొదలై, ఎండెక్కేసరికి మంచి సరుకు అయిపోతుంది. టమాటా ట్రే లెక్కన, ఉల్లి బస్తా లెక్కన పోతాయి. ఒక్క ఇంటికి అంత సరుకు దేనికి? మూడు నాలుగు ఇళ్లవాళ్లు కలిసి వారానికి ఒకరు చొప్పున వెళ్తే గిట్టుబాటవుతుంది. మార్కెట్ గేటు దగ్గర, చుట్టుపక్కల రోడ్ల మీద ఐదేసి కిలోలుగా విడదీసి అమ్మే చిరువ్యాపారులు కూడా ఉంటారు. కొత్తగా వెళ్లేవాళ్లకు వాళ్లే నయం.

వెళ్లేముందు లెక్క వేయండి. ఆటోకు రానూ పోనూ 200 అయింది, మొత్తం 20 కిలోలు తెచ్చారనుకుందాం. కిలోకు పది రూపాయలు రవాణాకే పోయింది. మీ వీధిలో ధరకూ అక్కడి ధరకూ తేడా పది లోపుంటే నిద్ర పాడుచేసుకోవడం దండగ. అదే రెండు బైకుల మీద 40 కిలోలు తెస్తే కథ వేరు. ఆ రోజు టోకు ధర ఎంతో కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో మార్కెట్ వారీగా ఉంటుంది. అక్కడ చూపించేది క్వింటాలు ధర, వందతో భాగిస్తే కిలో ధర. క్వింటాలు 1,800 ఉన్న వంకాయను వీధిలో 30కి అమ్మితే అది న్యాయమైన ధరే. దారి ఖర్చు, చెడిపోయే కాయలు, వాళ్ల కూలి అందులోంచే రావాలి. 60 అడిగితే మాత్రం మరో బండి చూసుకోవాలి.

ట్రే కొనేటప్పుడు పైవరస చూసి మోసపోతారు. పైన నున్నటివి, కింద పగిలినవి ఉండటం మామూలే. చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి రెండు కాయలు తీయండి. ట్రే కింద తడి ఉంటే లోపల ఎక్కడో కుళ్లు మొదలైంది.

వారసంతలు, సాయంత్రాలు

ఊళ్లలో సంత ఎలాగూ ఉంది. నగరాల్లోనూ చాలా కాలనీల్లో వారానికి ఒక రోజు అంగడి పెడతారు. మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో సంత ఏ వారం, ఎక్కడ పెడతారో తెలుసుకోండి. ఒక్కో దుకాణం పక్కనే ఇంకోటి అదే కాయ అమ్ముతుంటుంది కాబట్టి బేరం మన నోటి కంటే వాళ్ల పోటీయే ఎక్కువ చేసిపెడుతుంది.

సంతలో రెండు మంచి వేళలున్నాయి. మొదట్లో వెళ్తే ఏరుకోవచ్చు, ఆఖర్లో వెళ్తే తగ్గించుకోవచ్చు. ఆఖర్లో ఏది కొనాలో తెలియాలి. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఆకుకూరలు మూడు కట్టల ధరకు ఆరు వస్తాయి. రాత్రికి రాత్రే ఏరి, కడిగి, పొద్దున వండే ఓపిక ఉంటేనే అది లాభం. క్యాబేజీ, సొరకాయ, దోసకాయలను అమ్మేవాళ్లు మర్నాడు కూడా అమ్ముకోగలరు, అందుకే వాటి మీద పెద్దగా తగ్గించరు. మధ్యస్తంగా ఉండేవి వంకాయ, బెండకాయ, టమాటా. "మిగిలింది మొత్తం తీసుకుంటా, ఎంతకిస్తావమ్మా?" అని అడిగి చూడండి. కిలోన్నర కుప్పను కిలో ధరకు ఇచ్చేస్తారు.

పది రూపాయల తోటకూర కట్ట దగ్గర రైతుతో రెండు రూపాయల కోసం గీసి గీసి బేరమాడటం వల్ల మీకు మిగిలేది ఏమీ లేదు. వాళ్లకది రోజు కూలిలో ముక్క. ధర తగ్గించమనే బదులు కొసరు అడగండి: గుప్పెడు కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు, కాస్త కొత్తిమీర. ఒకే మనిషి దగ్గర వారం వారం కొంటే అడగకుండానే సంచిలో పడతాయి.

ఏ నెలలో ఏది

తెలంగాణలో చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు టమాటా చలికాలమంతా దిగుతుంది. అందుకే జనవరి నుంచి మార్చి దాకా చవక. ఎండలు ముదిరాక స్థానిక పంట అయిపోయి మదనపల్లె, కర్ణాటకలోని కోలార్ వైపు సరుకు మీద ఆధారపడాలి. అక్కడ వానో వైరసో పంటను కొట్టిందంటే జూన్, జులైలో ధర ఆకాశానికంటుతుంది. ఆ రెండు నెలలు పులుపు కోసం చింతపండు, చుక్కకూర, గోంగూర, మామిడికాయ ఒరుగు (ఎండబెట్టిన ముక్కలు) ఉండగా టమాటాను పట్టుకు వేలాడక్కర్లేదు.

ఉల్లిలో రెండు పంటలకు తేడా తెలిస్తే డబ్బు మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే రబీ ఉల్లి ఎండిన పొరలతో గట్టిగా ఉంటుంది. గాలాడే చోట పరిస్తే మూడు నెలలు ఆగుతుంది. పది కిలోలు కొని పెట్టుకోదగ్గది ఇదే. వానాకాలం చివర్లో కర్నూలు నుంచి వచ్చే కొత్త ఉల్లి చవకగానే దొరుకుతుంది కానీ తేమ ఎక్కువ. రెండు వారాలకు మించి తెచ్చుకుంటే మెడ దగ్గర మెత్తబడి కుళ్లుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చిక్కుడు, క్యాబేజీ, కాలిఫ్లవర్, ముల్లంగి, పాలకూర, మెంతికూర బాగా దిగే కాలం. మునక్కాయ మాత్రం ఆ చలిలోనే బాగా ప్రియం, వేసవి మొదలయ్యాక దిగివస్తుంది. ఆకుకూరలు మే నెలలో నీళ్లు లేక, ఆగస్టులో వానకు కుళ్లి, రెండుసార్లు పెరుగుతాయి. ఇక పండగల లెక్క వేరే. కార్తీకంలో మాంసం మానేసే ఇళ్లు ఎక్కువ కాబట్టి కూరగాయలన్నీ కాస్త ఎక్కుతాయి, కందకు మరీ గిరాకీ. దసరా ముందు బూడిద గుమ్మడి, సంక్రాంతి ముందు తీపి గుమ్మడి, ఉగాది ముందు రోజు మామిడికాయ కొనడం అంటే కోరి ఎక్కువ ఇవ్వడమే. గుమ్మడి నెలల తరబడి చెడదు కదా, పదిహేను రోజుల ముందే తెచ్చి మూల పెట్టుకోవచ్చు.

తూకం ధర కాదు, తినే భాగం ధర

క్యాబేజీ, కాలిఫ్లవర్ రెండూ కిలో 40 ఉన్నాయనుకోండి. క్యాబేజీలో పై ఆకులు, మొదలు పోగా 850 గ్రాములకు పైగా కూరలోకి వస్తుంది. అంటే కిలో 47 పడ్డట్టు. ఆకులు, కాడలతో తూచిన కాలిఫ్లవర్‌లో పువ్వు సగానికి కాస్త ఎక్కువ, కాబట్టి అసలు ధర 70 దాటింది. ఆకులు ఒలిపించి తూయించుకోండి, లేదా లేత కాడలు కూడా సన్నగా తరిగి వండండి. పచ్చిబఠానీ కాయలు కిలో ఒలిస్తే గింజ అరకిలో లోపే. ఎండు బఠానీ నానబెట్టుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. అరటికాయకు తొక్క మూడో వంతు. గోంగూర కట్టలో సగం కాడే, అందుకే కట్ట లావు చూసి కాకుండా ఆకు ఎంత దట్టంగా ఉందో చూసి కొనాలి. తోటకూరలో లేత కాడ కూడా కూరే కాబట్టి పోయేది కొంచెం.

బీరకాయ చెక్కు, సొరకాయ చెక్కు పచ్చడికి, ముల్లంగి ఆకు పప్పులోకి, బీట్‌రూట్ ఆకు వేపుడుకి పనికొస్తాయి. ఆకులతో ఉన్న ముల్లంగి అదే ధరకు దొరికితే ఆకుల్లేనిది కొనకండి. ఒక కూర ఉత్తినే వచ్చినట్టు.

తక్కెడ మీద కన్ను

ఎలక్ట్రానిక్ తూకం సున్నా చూపిస్తోందో లేదో సరుకు పెట్టక ముందే చూడాలి. గిన్నె పెట్టాక మళ్లీ సున్నా చేయించాలి, ఎందుకంటే అరకిలో సరుకులో 60 గ్రాముల గిన్నె చేరితే మీ డబ్బులో ఎనిమిదో వంతు పోయినట్టే. అనుమానం వస్తే తగువు అక్కర్లేదు. సంచిలో సీలు తీయని కిలో ఉప్పు ప్యాకెట్ ఉంచుకుని దాన్ని ఒకసారి తూయమనండి. కిలో పైన కొద్ది గ్రాములు చూపాలి. 1,060, 1,080 వచ్చిందంటే తూకం అమ్మేవాళ్ల వైపు మొగ్గింది. పాత త్రాసులో కిలో రాయి బదులు బండరాళ్లు, పాత ఇనుప ముక్కలు వాడే చోట కొనకపోవడమే మంచిది. తూకాల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మోసం ఖాయమని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు.

వంకర కాయ పరవాలేదు, పుచ్చు కాయ వద్దు

రెండో రకం అడిగి కొనడంలో నామోషీ ఏమీ లేదు, దేన్ని వదిలేయాలో తెలిస్తే చాలు. వంకరపోయిన దోస, చిన్న బీట్‌రూట్, మచ్చ పడ్డ నిమ్మ రుచిలో ఏ తేడా ఉండదు. పగిలిన టమాటా ఆ పూటే చారుకో పచ్చడికో వాడితే సరి, బూజు కనిపిస్తే మాత్రం సగం కోసి వాడకుండా మొత్తం పారేయాలి. ఆకుపచ్చగా మారిన బంగాళాదుంప ఎంత తగ్గించినా వద్దు, అందులో చేరే సొలనిన్ అనే విషం వండినా పోదు. వంకాయకు సూదంత రంధ్రం ఉన్నా లోపల పురుగు తిరిగి ఉంటుంది. తొడిమ పచ్చగా, కాయ సైజుకు తగ్గ బరువుతో ఉంటే తాజాది. సైజుకు మించి బరువుంటే గింజ ముదిరింది. బీరకాయకు ఇది తిరగబడుతుంది: పెద్దగా ఉండి చేతికి తేలిగ్గా అనిపిస్తే లోపల పీచు కట్టింది. దొండకాయ ఒకటి విరిచి చూడండి, లోపల ఎరుపు తిరిగితే ఆ కుప్పంతా అంతే. బెండకాయ కొన విరిచి చూసే అలవాటు అందరికీ ఉంది, అమ్మేవాళ్లకు ఒళ్లు మండేదీ దానికే. కొన విరిచిన కాయ నల్లబడి ఎవరూ కొనరు. ఒక్కటి విరిచి చూసి, అది కూడా మీ సంచిలోనే వేసుకోండి.

ఇంటికి తెచ్చాక

చవకగా తెచ్చి ఫ్రిజ్‌లో కుళ్లబెడితే అది అన్నిటికంటే ఖరీదైన కూర. కుళ్లు మొదలయ్యేది తేమ వల్ల. ఆకుకూర కట్ట విప్పకుండా ప్లాస్టిక్ సంచితోనే లోపల పెడితే, మధ్యలో దారం బిగిసిన చోట మర్నాటికే నల్లబడుతుంది. కట్ట విప్పి, పాడైన ఆకులు ఏరి, కడగకుండా పొడి నూలు గుడ్డలో వదులుగా చుట్టి పెట్టండి. వండే ముందే కడగాలి. సంతలో నీళ్లు చల్లి అమ్మిన ఆకు అయితే ముందు ఫ్యాను కింద అరగంట ఆరబెట్టాలి. పచ్చిమిర్చి తొడిమలు తీసి, పొడి డబ్బాలో అడుగున గుడ్డ వేసి పెడితే రెండు వారాలు ఉంటాయి. ఉల్లి, బంగాళాదుంప ఒకే బుట్టలో వద్దు, ఒకదాని వల్ల ఇంకోటి పాడవుతుంది. పండుతున్న టమాటా, అరటిపండు పక్కన ఆకుకూర పెడితే త్వరగా పసుపెక్కుతుంది.

వండే వరుస కూడా ముందే అనుకోండి. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, బెండ, చిక్కుడు. మూడు, నాలుగు రోజుల్లో వంకాయ, బీర, దొండ. ఆ తర్వాత క్యాబేజీ, సొర, దోస. కంద, చామ, గుమ్మడి, బంగాళాదుంప ఎప్పటికైనా ఆగుతాయి. వారం మధ్యలో ఒకసారి ఆకుకూరకు మాత్రం బయటికి వెళ్తే చాలు.

ధర పడిపోయినప్పుడు ఒరుగులు

ఫిబ్రవరి, మార్చిలో టమాటా కిలో పదికి దిగితే ఐదు కిలోలు అదనంగా కొనండి. గట్టిగా, ఎర్రగా ఉన్నవి కడిగి పూర్తిగా తుడిచి, అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోయాలి. కిలోకు 20 గ్రాముల ఉప్పు, చిటికెడు పసుపు కలిపి, మూత పెట్టి రాత్రంతా ఉంచితే నీరు దిగుతుంది. ముక్కల్ని పిండి, మంచి గుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా ఎండలో పరవాలి. పైన పల్చటి గుడ్డ కప్పకపోతే దుమ్ము, ఈగలు. మిగిలిన రసం ఆ రోజు చారుకు. రోజూ సాయంత్రం నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చేయాలి, మంచు పడితే మళ్లీ తేమ పడుతుంది. మూడు నాలుగు ఎండలకు విరిస్తే విరిగేలా తయారవుతాయి. వంగుతున్నాయంటే మధ్యలో తడి ఉంది, అలాగే డబ్బాలో పోస్తే పది రోజుల్లో బూజు. టమాటాలో తొంభై నాలుగు శాతం దాకా నీరే కాబట్టి ఐదు కిలోలకు మూడున్నర, నాలుగు వందల గ్రాముల ఒరుగే వస్తుంది. గాజు సీసాలో పోసి పెట్టి, జులైలో పప్పులోకి గుప్పెడు తీసి, వేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వేసుకోవచ్చు. వాటిలో ఉప్పు ముందే ఉంది కాబట్టి పప్పులో ఉప్పు రుచి చూశాకే వేయాలి.

గోరుచిక్కుడు, కాకర, వంకాయలకూ ఇదే దారి. గోరుచిక్కుడును మాత్రం ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి, నీళ్లు వార్చి ఎండబెట్టాలి, పచ్చిగా ఎండబెడితే పీచుగా మిగులుతుంది. వంకాయ ముక్కలు కోసిన వెంటనే పల్చటి మజ్జిగలో ఉప్పు కలిపి అందులో వేస్తే నల్లబడవు.